అలుగు ఎత్తితే చెరువు నిండదు

(విజయనగరంలో మోటారు మెకానిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కారుకి పెట్రోలు ఒత్తిడి చూపించే ఫ్యూయల్ ప్రెజర్ గేజు, ఆ ఒత్తిడిని సరిచేసే అడ్జస్టబుల్ రెగ్యులేటర్ బిగించడం గురించి చెప్పమన్నారు. ఒక బండి కథతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట సాలూరు నుంచి ఒక పాత పెట్రోలు కారు నా షెడ్డుకొచ్చింది. బండాయన తరచూ సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ వెళ్లే మనిషి. "మేస్త్రీ, ఊళ్లో బాగానే పోతాది. ఘాటీ ఎక్కితే ముక్కుతాది, మిస్సింగ్ కొడతాది" అన్నాడు. ప్లగ్గులు మార్చాను. మళ్లీ వచ్చాడు. కాయిల్ మార్చి, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగాను. మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన చేతిలో ఒక డబ్బా ఉంది. ఎవరో చెప్తే ఆన్‌లైన్‌లో తెప్పించాడట. అందులో ఎర్రటి రెగ్యులేటర్, చిన్న గేజు. "ఇది ఏసీసి ప్రెజర్ పెంచీ మేస్త్రీ, లాగేస్తాది" అన్నాడు.

నిజం చెప్తున్నాను, నాకూ బిగించేద్దామనే అనిపించింది. రెండుసార్లు ఆయన డబ్బు ఖర్చు పెట్టించి ఉన్నాను. కానీ రెగ్యులేటర్ని డబ్బాలోనే ఉంచి, గేజు ఒక్కటీ బయటికి తీశాను.

ఎందుకో అర్థం కావాలంటే రెగ్యులేటర్ చేసే పనేమిటో తెలియాలి. మీలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే. చెరువు, అలుగు తెలుసు కదా. గెడ్డ నుంచి నీరొస్తుంది, చెరువు నిండుతుంది, ఎక్కువైంది అలుగు మీంచి పొర్లిపోతుంది. అలుగు ఎంత ఎత్తుంటే నీటిమట్టం అంత. ట్యాంకులో ఉన్న పంపు మన గెడ్డ. ఇంజెక్టర్లు కూర్చున్న ఫ్యూయల్ రైలు చెరువు. రైలు చివర ఉన్న రెగ్యులేటర్ అలుగు. పంపు ఎప్పుడూ ఇంజిన్‌కి కావలసినదానికంటే ఎక్కువే తోస్తుంది. మిగిలింది రెగ్యులేటర్ దాటి రిటర్న్ పైపులో ట్యాంకుకి వెళ్లిపోతుంది. స్క్రూ బిగించడమంటే అలుగు ఎత్తు పెంచడం. మరి గెడ్డలోనే నీరు లేకపోతే? అలుగు తాటిచెట్టంత కట్టినా చెరువు నిండదు.

అలుగులో లేని సంగతి ఒకటి రెగ్యులేటర్లో ఉంది. దాని నెత్తి మీద సన్నటి వాక్యూమ్ పైపు, ఆ పైపు రెండో కొన మానిఫోల్డుకి, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టానికి. ఇంజెక్టర్ మూతి ఉండేది మానిఫోల్డులోనే. ఐడిలింగ్‌లో అక్కడి వాక్యూమ్ పెట్రోలుని తన వైపు పీలుస్తుంది, కాబట్టి రైల్లో ప్రెజర్ కొంచెం తగ్గినా సరిపోతుంది. రేసు తొక్కితే వాక్యూమ్ పోతుంది, రెగ్యులేటర్ ప్రెజర్ పెంచుతుంది. ఇంజెక్టర్‌కి అటూ ఇటూ ఉన్న తేడా ఎప్పుడూ ఒక్కలాగే ఉండాలి, ఏర్పాటంతా అందుకే. చాలా బండ్లలో ఆ తేడా సుమారు 3 బార్, పీఎస్ఐ కొలతలో చెప్తే 43.5. ఐడిలింగ్‌లో గేజు 2.3, 2.4 చూపిస్తుంది. వాక్యూమ్ పైపు లాగేస్తే 3కి లేస్తుంది. లేవకపోతే రెగ్యులేటర్నీ ఆ పైపునీ అనుమానించండి. లాగిన పైపులో పెట్రోలు తడి కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు, లోపల డయాఫ్రం అనే పలచటి పొర చిరిగింది. ఇవి మామూలుగా ఉండే అంకెలు. మీ ముందున్న బండికి ఎంత ఉండాలో దాని మాన్యువల్లోనే చూసుకోండి.

సాలూరు బండికి షెడ్డులో ఈ అంకెలన్నీ సరిగ్గానే వచ్చాయి! అందుకే నేను అన్నిసార్లు మోసపోయాను. అప్పుడు పొడవాటి హోస్ వేసి, గేజుని బానెట్ సందులోంచి తీసి, ముందు అద్దానికి బయటివైపు వైపర్ దగ్గర టేపుతో కట్టి, ఇద్దరం ఘాటీ ఎక్కాం. బయటివైపు అన్నాను, గుర్తుంచుకోండి. పెట్రోలు ఉన్న పైపుని కారు లోపలికి ఎట్టి పరిస్థితిలోనూ తేకూడదు. డ్యాష్‌బోర్డు మీదే గేజు కావాలనుకుంటే కరెంటు సెండర్ ఉన్న రకం పెట్టండి, వైరు మాత్రమే లోపలికొస్తుంది.

బండి మీద బరువు పడగానే 3 చూపించాల్సిన ముల్లు 2 కిందికి జారింది. అప్పుడే మిస్సింగ్. రెగ్యులేటర్ తప్పు కాదు, గెడ్డ ఎండిపోతోంది. దిగి వచ్చి పంపు కనెక్టర్ దగ్గర మీటరు పెడితే, బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులున్నది అక్కడ 10 కూడా లేదు. బాడీకి బిగించిన ఎర్త్ వైరు కొసన ఉండే లగ్గు తుప్పుపట్టి ఉంది. ఎమరీ కాయితంతో రుద్ది, కొత్త లగ్గు వేశాను. అంతే. ఆ ఎర్ర రెగ్యులేటర్ డబ్బాలోనే వెనక్కి వెళ్లింది.

ఇక బిగించడం. ముందుగా ఒక హెచ్చరిక. నేను చెప్పేదంతా మామూలు ఎంపీఎఫ్ఐ, అంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ మానిఫోల్డులోకి చిమ్మే పెట్రోలు బండ్ల గురించే. కామన్ రైల్ డీజిల్ హైప్రెజర్ పైపుల్లో 1000 బార్ దాటి ఉంటుంది. సన్నటి లీకు కూడా చర్మంలోకి సూదిలా దిగిపోతుంది, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. నేరుగా సిలిండర్లోకి చిమ్మే పెట్రోలు ఇంజిన్ల హైప్రెజర్ వైపు కూడా ఈ గేజు పెట్టొద్దు.

మొదటి పని ప్రెజర్ దించడం. పంపు ఫ్యూజు గానీ రిలే గానీ పీకి, ఇంజిన్ స్టార్ట్ చేయండి. రైల్లో ఉన్నది కాలిపోయి అదే ఆగిపోతుంది. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అప్పుడు కూడా జాయింటు చుట్టూ గుడ్డ పెట్టే విప్పాలి. చల్లారిన ఇంజిన్ మీదే చేయండి, పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకోండి.

కొన్ని బండ్ల రైలు మీద టైరు వాల్వులాంటి మూతి ఉంటుంది, గేజు నేరుగా అక్కడే పెట్టొచ్చు. లేకపోతే ఫిల్టర్‌కీ రైలుకీ మధ్య టీ జాయింటు వేయాలి. గేజు 7 బార్ వరకు చూపించేదైతే మన 3 బార్ ముల్లు మధ్యలో నిలబడి చక్కగా కనబడుతుంది. గ్లిజరిన్ నింపిన గేజు ఇంజిన్ వేడికి తప్పు చూపిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు చూసిన అంకెనే నమ్మండి.

హోస్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. కార్బురేటర్ పైపు అర బార్ కూడా మోయని కాలానిది. ఇంజెక్షన్ బండికి ఎస్ఏఈ జే30 ఆర్9 (SAE J30 R9) అని ముద్ర ఉన్నదే కొనండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరుని అది త్వరగా తినేస్తుంది. క్లిప్పులు కూడా చుట్టూ సమానంగా నొక్కే ఇంజెక్షన్ క్లిప్పులు వాడండి. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. దాని తునక ఒక్కటి చాలు, ఇంజెక్టర్ మూసుకుపోవడానికి. మరలకి పెట్రోలు తట్టుకునే సీలెంట్ రాయండి. బిగించాక ఫ్యూజూ బ్యాటరీ నెగటివూ మళ్లీ పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మూడు నాలుగుసార్లు ఆన్ చేసి, ప్రతి జాయింటూ టార్చి వేసి చూడండి.

రెగ్యులేటర్ నిజంగా ఎవరికి కావాలి? టర్బో వేసినవాళ్లకి, పెద్ద ఇంజెక్టర్లు పెట్టినవాళ్లకి, ఒరిజినల్ దొరకని పాత బండ్లకి. రైలు చివరి నుంచి వచ్చే పైపు దాని పక్క మూతికి, అడుగు మూతి నుంచి ట్యాంకు రిటర్న్‌కి, నెత్తి మీది గొట్టం మానిఫోల్డు వాక్యూమ్‌కి. సైలెన్సర్ వేడికి దూరంగా, బాడీకి బిగించండి. స్క్రూ వదులు చేసి ఉంచి మొదలుపెట్టండి. ఐడిలింగ్‌లో వాక్యూమ్ పైపు తీసి, దాని మూతి మూసి, లాక్ నట్టు సడలించి, ఎలెన్ కీతో కొద్దికొద్దిగా తిప్పుతూ కావలసిన అంకెకి తెచ్చి, నట్టు బిగించి, పైపు మళ్లీ పెట్టేయండి. కొత్త బండ్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే పంపుతో కలిసి ఉంటుంది, రిటర్న్ పైపే ఉండదు. వాటికి గేజు వరకే.

ఏ మార్పూ చేయని స్టాక్ ఇంజిన్‌కి ప్రెజర్ పెంచితే పికప్ వస్తుందన్నది నేను ఒప్పుకోను. 3 నుంచి 4 బార్‌కి పెంచినా పెట్రోలు పెరిగేది వర్గమూలం లెక్కన 15 శాతమే. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఆ ఎక్కువని కోసేస్తుంది. ఫుల్ రేసులో మాత్రం కోయదు. అప్పుడు నల్లపొగ, ప్లగ్గుల మీద మసి, ఆయిల్లో పెట్రోలు, చివరికి పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడు. మన దగ్గరికి నమ్మి తాళాలు ఇచ్చి వెళ్లిన మనిషి బండి అది.

బయట చెట్టుకింద ఒక బండి పెట్టించాను. గేజు, టీ జాయింటు, హోస్ అన్నీ తెచ్చాను. ఇద్దరు మంటలార్పే సిలిండర్ పట్టుకోండి, ఒకరు పంపు ఫ్యూజు ఎక్కడుందో వెతకండి. మిగతావాళ్లు జేబుల్లో ఫోన్లూ అగ్గిపెట్టెలూ ఇక్కడే బల్ల మీద పెట్టి రండి.