చోడి గింజ వచ్చిన దారి

శ్రోతలకు నమస్కారం.

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో వేసవి ఉదయం చోడి అంబలితో మొదలవుతుంది. మనం చోళ్లనే ఈ గింజలను తక్కిన జిల్లాలవారు రాగులంటారు. తరతరాలుగా మన మెట్ట పొలాల్లో పండుతున్న పంట కనుక ఇది మన నేలలోనే పుట్టిందని అనుకోవడం సహజం. నిజానికి దీన్ని మొదట సాగులోకి తెచ్చినవారు ఇథియోపియా నుంచి ఉగాండా వరకు పరచుకొన్న తూర్పు ఆఫ్రికా ఎత్తయిన ప్రాంతాల రైతులు. అక్కడి నుంచి వేల ఏళ్ల కిందట ఇది మన దేశానికి చేరింది. మనం గంటెలనే సజ్జలు పశ్చిమ ఆఫ్రికాలోనూ, జొన్నలు సూడాన్ ప్రాంతంలోనూ తొలిసారి సాగయ్యాయి. బొబ్బర్లదీ ఆ ఖండమే. పులుసులో పిసికే చింతపండు సంగతి తెలిసినప్పుడు నేను మరీ ఆశ్చర్యపోయాను. చింతచెట్టు పుట్టిల్లు కూడా ఆఫ్రికాయేనని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు.

నేను పాతికేళ్లు బడిలో భూగోళశాస్త్రం చెప్పాను. ఆఫ్రికా పాఠంలో నైలు నది, సహారా ఎడారి, 5,895 మీటర్ల కిలిమంజారో, బంగారు గనులు అన్నీ ఉండేవి. మనుషులు మాత్రం చాలా తక్కువగా కనిపించేవారు. ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం ఉన్న 54 దేశాలు, సుమారు రెండు వేల భాషలు, మన దేశానికి తొమ్మిది రెట్లకు పైబడిన వైశాల్యం గల ఆ భూభాగాన్ని ఒకే దేశం గురించి చెప్పినట్టు రెండు తరగతుల్లో ముగించేవాళ్లం. ఆ లోటు ఎంతటిదో నాకు పదవీ విరమణ తరువాత, పెదవాల్తేరులోని మా మేడమీది వాటాలో తెలిసివచ్చింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయడానికి ఇథియోపియా నుంచి వచ్చిన ఒక యువకుడు ఆ వాటాలో అద్దెకు దిగాడు. కొన్ని నెలలకు భార్య కూడా వచ్చింది. ఒకనాడు నేను డాబా మీద చోళ్లు ఎండబోస్తుంటే ఆమె వచ్చి పిడికెడు గింజలు చేతిలోకి తీసుకొని, ముఖం వికసించగా, ‘దగుస’ అంది. వాళ్ల అమ్హారిక్ భాషలో చోళ్ల పేరు అదే. వాళ్ల ప్రధానాహారమైన ఇంజెరాను టెఫ్ అనే సన్నని ధాన్యపు పిండితో చేస్తారు. పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద పలచగా పోసి, తిరగవేయకుండా కాలుస్తారు. మన అట్టులాగే పైన చిల్లులు పడతాయి. ఇక్కడ టెఫ్ దొరకక ఆమె చోడిపిండిలో బియ్యప్పిండి కలిపి పులియబెట్టేది. ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెంలో తింటూ, ఇష్టమైనవారి నోటికి ముద్ద అందించడాన్ని వాళ్లు గుర్షా అంటారు. మనం గోరుముద్దలు పసిపిల్లలతోనే ఆపేస్తాం. వాళ్లు పెద్దవాళ్లకూ, అతిథులకూ పెడతారు.

ఒకసారి ఆమె మమ్మల్ని కాఫీకి పిలిచింది. అప్పటికి ఇంగ్లీషు అంతగా రాదు కనుక ‘రేపు’ అని మూడు వేళ్లు చూపింది. మేము మరునాడు మధ్యాహ్నం మూడింటికి వెళ్లేసరికి నేల మీద పరచిన పచ్చగడ్డి వాడిపోయి ఉంది. ఆమె ఉదయం తొమ్మిది నుంచి మాకోసం ఎదురుచూస్తోంది. మా ముఖాలు చూసి ఆమె భర్త విషయం వివరించాడు. వాళ్ల దేశంలో పగటి గంటలను ఉదయం నుంచి లెక్కిస్తారు కాబట్టి మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట, మన తొమ్మిది వాళ్లకు మూడు. కెన్యా, టాంజానియాలలో స్వాహిలీ మాట్లాడేవారిదీ ఇదే లెక్క. వినగానే నాకు మా నాన్నగారి పంచాంగం గుర్తుకువచ్చింది. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కించిన మనకు ఈ పద్ధతి ఏమంత వింత?

ఆమె ఏమాత్రం నొచ్చుకోకుండా మళ్లీ మొదలుపెట్టింది. మేము తెచ్చిన అరకు పచ్చి గింజలు కడిగి, మూకుడులో వేయించి, పొగ లేస్తుండగా మూకుడును ఒక్కొక్కరి దగ్గరకు తెచ్చి వాసన చూపింది. తరువాత చిన్న రోటిలో దంచి, జెబెనా అనే సన్నని మెడ గల నల్లని మట్టిపాత్రలో కాచి, పిడిలేని చిన్న కప్పుల్లోకి ఎత్తునుంచి సన్నని ధారగా పోసింది. ఒకే పొడితో మూడు విడతలు కాస్తారు. మూడో విడత పేరు బరకా, అంటే దీవెన. అరకు తోటల్లోని అరబికా మొక్కకు జన్మస్థానం నైరుతి ఇథియోపియా అడవులేనని చెప్పినప్పుడు ఆమె భర్త గొంతులో వినిపించిన గర్వం నాకు న్యాయంగానే తోచింది.

ఆ గది గోడ మీద ఒక యుద్ధ చిత్రం ఉండేది. 1884-85లో బెర్లిన్‌లో సమావేశమైన యూరోపియన్ రాజ్యాలు ఆఫ్రికాను పంచుకోవడానికి నియమాలు రాసుకొన్న పుష్కర కాలానికే, 1896 మార్చి 1న, ఇథియోపియాలోని అడ్వా దగ్గర ఆ దేశపు చక్రవర్తి మెనెలిక్ సేనలు ఇటలీ సైన్యాన్ని ఓడించాయి. ఆ చిత్రం కింది అక్షరాలు చదివి చూపమని అడిగితే ఆయన కాగితం మీద మ, ము, మీ, మా, మే, మ్, మో అని వరుసగా ఏడు రూపాలు రాశాడు. ఒక్కొక్క హల్లుకు ఏడేసి రూపాలు, ఎడమ నుంచి కుడికి రాత. మన గుణింతం వంటి గుణింతం మరొక ఖండంలో ఉందని పాతికేళ్లు పాఠం చెప్పిన నాకు తెలియకపోవడం బాధ కలిగించింది.

అందుకే వినేవారికి నా విన్నపం ఒకటి. మన నగరంలో చదువుకోవడానికి వచ్చిన ఈ పిల్లలను రైతుబజారులోనో బస్సులోనో చూసి ‘ఆఫ్రికావాళ్లు’ అని ఊరుకోకండి. ఏ దేశం, ఏ ఊరు, ఇంట్లో ఏ భాష అని అడగండి. మనల్ని ఎవరైనా ‘ఆసియావాళ్లు’ అని వదిలేస్తే తెలుగు మాట ఎక్కడ వినిపిస్తుంది? ఖండమంతా ఒకేసారి చదవాలనుకొంటే పేర్ల పట్టిక మిగులుతుంది. ఒక్క దేశాన్ని ఎంచుకొని, వాళ్ల తిండి, లిపి, పండుగలు పట్టుకొని వెళితే పక్క దేశానికి దారి దానంతట అదే కనిపిస్తుంది. నేను ఇథియోపియా తరువాత కెన్యా చదివాను. అక్కడ ఉజి అనే పేరుతో కాచే జావలో మళ్లీ మన చోళ్లే ఎదురయ్యాయి.

ఇథియోపియా పంచాంగంలో పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్పయ్యేసి రోజులు, చివరి నెలకు అయిదో ఆరో. మనకంటే ఏడెనిమిదేళ్లు వెనుక నడిచే ఆ లెక్కలో వాళ్లు 2000వ సంవత్సరాదిని మన 2007 సెప్టెంబరు 12న జరుపుకొన్నారు. మామూలుగా ఆ పండుగ సెప్టెంబరు 11న వస్తుంది. వానలు వెనుకబట్టి, కొండలనిండా పసుపుపచ్చని అదేయ్ పూలు విరబూసే కాలమది. ఈసారి ఆ రోజున వాల్తేరు వీధుల్లో ఇథియోపియా విద్యార్థి ఎవరైనా ఎదురైతే ‘మెల్కం అద్దిస్ అమెత్’ అని పలకరించండి. కొత్త సంవత్సర శుభాకాంక్షలని దాని అర్థం.

నమస్కారం.