మూల దగ్గర 360 డిగ్రీలు ఎందుకు రావు?

[తెర మీద: గది మూల. కెమెరా గోడల మధ్య గీత వెంట నేల దాకా దిగుతుంది]

మీరున్న గదిలో ఒక మూలకేసి చూడండి. రెండు గోడలు కలిసిన చోట నిలువుగా ఒక గీత ఉంది కదా? నేల కూడా వచ్చి కలిసేసరికి ఆ గీత ఒక బిందువు దగ్గర ఆగింది. గోడ, నేల లాంటి చదునైన పరపును తలం అంటాం. అంటే రెండు తలాలకు గీత, మూడోది చేరితేగానీ బిందువు లేదు.

చాలామంది తడబడేది ఇక్కడే. రెండు సరళరేఖలు ఖండించుకుంటే బిందువు వస్తుంది కాబట్టి, రెండు తలాలూ ఒకే ఒక్క బిందువు దగ్గర కలవొచ్చు అనుకుంటారు. కుదరదు. తలానికి హద్దుల్లేవు. రెండు వేర్వేరు తలాలకు ఒక్క బిందువు ఉమ్మడిగా దొరికిందంటే, దాని గుండా పోయే ఒక గీత మొత్తం ఉమ్మడే. ఉమ్మడి బిందువే లేదంటే అవి సమాంతరాలు.

మూడు తలాలున్నా బిందువు గ్యారంటీ కాదండోయ్. పుస్తకం తెరిచి నిలబెట్టండి, పేజీలన్నీ ఒకే గీత మీద కలుస్తాయి.

[తెర మీద: అట్టపెట్టె, కత్తెర]

ఇక ఘనాకృతులు. సమఘనానికి ముఖాలు 6, అంచులు 12, శీర్షాలు, అంటే మూలలు 8. బళ్లో వల్లించేశాం. నన్నడిగితే ఆ లెక్క కంటే, శీర్షం దగ్గర ఏం జరుగుతోందన్నదే అసలు సంగతి.

పెట్టె మూల ఒకటి కత్తిరించి తీశాను. ఒక అంచు వెంట కోసి, బల్ల మీద పరుస్తున్నాను. మూడు ముఖాలు, మూడు 90లు, మొత్తం 270 డిగ్రీలు. చుట్టూ తిరిగి రావడానికి 360 కావాలి. 90 డిగ్రీల ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని లాగి అతికిస్తేనే అట్ట పైకి లేచి మూలవుతుంది. ఖాళీ లేదా, అట్ట లేవదు.

[తెర మీద: రంగు కాగితపు సమబాహు త్రిభుజాలు]

సమబాహు త్రిభుజాలతో చేద్దాం. ఒక్కో కోణం 60. మూడు కలిపితే 180, చతుర్ముఖి మూల. నాలుగైతే 240, అష్టముఖి. ఐదైతే 300, ఇరవై ముఖాల ఆకృతి. ఆరు పెట్టామా, సరిగ్గా 360, బల్లకు అతుక్కుపోయింది. చదరాలు మూడే పడతాయి. క్రమ పంచభుజులు కూడా మూడే, 324. షడ్భుజులు మూడు పెట్టగానే 360, అక్కడితో సరి. అందుకే అన్ని ముఖాలూ, అన్ని మూలలూ ఒకేలా ఉండి, బయటికి ఉబ్బిన క్రమ ఘనాకృతులు ఐదే. ఆరోది ఎవరూ కనిపెట్టక కాదు, మూలలో చోటు లేక.

[తెర మీద: 8 × 90 = 720]

సమఘనానికి మూలకు 90 చొప్పున 8 మూలల ఖాళీ కలిపితే 720. చతుర్ముఖికి మూలకు 180, నాలుగు మూలలు, మళ్లీ 720! బయటికి ఉబ్బిన ఏ బహుముఖికైనా, అంటే అన్నీ చదునైన ముఖాలే ఉన్న ఘనాకృతికైనా, ఇంతే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ ఇది రాసుకున్నాడు. ముఖాలు, శీర్షాలు కలిపితే అంచుల కంటే 2 ఎక్కువ అన్న గణితవేత్త ఆయిలర్ సూత్రం 1750 నాటిది. ఒకటి తెలిస్తే రెండోది రాబట్టొచ్చు.

అన్నట్టు, శంకువు కొనను కూడా శీర్షమే అంటాం. అక్కడ కలిసే అంచులేవీ లేవు, దాని ముఖం వంపు. కాబట్టి ఆయిలర్ సూత్రాన్ని దానికి తగిలించకండి.

[తెర మీద: నలుపు తెలుపు ఫుట్‌బాల్]

చివరగా, 1970 ప్రపంచకప్‌లో ఆడిన రకం బంతి. 12 పంచభుజులు, 20 షడ్భుజులు, 60 శీర్షాలు. ప్రతి శీర్షం దగ్గరా ఒక పంచభుజి, రెండు షడ్భుజులు: 108, 120, 120. మొత్తం 348, ఖాళీ 12 డిగ్రీలే. అరవై పన్నెండ్లు 720! సమఘనం ఈ 720ని ఎనిమిది మూలలకే పంచింది కాబట్టి చేతికి గుచ్చుకుంటుంది. ఇక్కడ అరవై మూలలు పంచుకున్నాయి. మూలకు వచ్చిన ఖాళీ అంత తక్కువ కాబట్టే గాలి కొట్టగానే గుండ్రంగా దొర్లుతుంది.