స్వీడిష్ మౌజర్: బట్ మీద ఇత్తడి బిళ్ళ

హోస్ట్: అన్నా, స్వీడన్ సైన్యం వాడిన ఎం96 మౌజర్ రైఫిల్ బట్‌కి, అంటే భుజానికి ఆనించే వెనక భాగానికి, కుడిపక్కన ఒక గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఉంటుంది కదా. అది అలంకారానికా?

అతిథి: కానే కాదు! ఆ తుపాకీ హెల్త్ రిపోర్ట్ అది. బిళ్ళ మీద మూడు భాగాలుంటాయి. ఒకదాంట్లో బారెల్ లోపలి కొలత, మిల్లీమీటరులో నూరో వంతు దాకా. ఆర్మరర్, అంటే సైన్యంలో తుపాకులు బాగుచేసేవాడు, కొలిచి, అంకె దగ్గర చిన్న త్రికోణం గుద్దేవాడు. రెండోదాంట్లో బారెల్ లోపల ఎంత పాడైందో 1 నుంచి 3 వరకు. మూడోది కొత్త తూటా వాడితే గురి ఎంత సరిచూసుకోవాలో చెబుతుంది.

హోస్ట్: కొత్త తూటా ఏంటి?

అతిథి: మొదటిది పొడుగ్గా, మొన గుండ్రంగా ఉండేది. బరువు 10 గ్రాముల పైమాటే. అంత పొడుగు తూటా గాల్లో తిన్నగా పోవాలంటే గట్టిగా తిరగాలి, అందుకే బారెల్లో గాడులు 200 మిల్లీమీటర్లకే ఒక చుట్టు తిరుగుతాయి. 1941లో మొనదేలిన తేలిక తూటా వచ్చింది. పాత సైట్లు దానికి సరిపోలేదు మరి.

హోస్ట్: ఆ తూటా, అదే 6.5×55 అంటారు కదా, స్వీడన్ ఒక్కదానిదేనా?

అతిథి: నార్వేతో కలిసి చేసింది. అప్పుడు రెండు దేశాలకీ రాజు ఒక్కడే. తూటా ఒకటే, తుపాకీ మాత్రం వేరు: నార్వే క్రాగ్ అనే రైఫిల్ తీసుకుంది, స్వీడన్ మౌజర్ తీసుకుంది. మొదటివి జర్మనీలో ఓబర్న్‌డార్ఫ్‌లో చేశారు, ఉక్కు మాత్రం స్వీడన్‌దే వాడమన్నారు. తర్వాత ఎస్కిల్‌స్టూనాలోని కార్ల్ గుస్తాఫ్ ఫ్యాక్టరీలో సొంతంగా చేసుకున్నారు. నాకు బాగా నచ్చేది ఈ పట్టుదలే.

హోస్ట్: యుద్ధాల్లో వాడారా?

అతిథి: 1814 తర్వాత స్వీడన్ యుద్ధానికి దిగలేదు. 1939-40 చలికాలపు యుద్ధంలో ఫిన్లాండ్ తరఫున వెళ్ళిన స్వీడిష్ వలంటీర్లు ఇవే పట్టుకెళ్ళారు.

హోస్ట్: బోల్ట్ సంగతి చెప్పు, అదే తూటాని లోపలికి తోసి బారెల్ వెనక మూసే కడ్డీ.

అతిథి: బోల్ట్ పిడి పైకెత్తడం చాలా తేలిక. అసలు బలమంతా ముందుకి తోసేటప్పుడే కావాలి, తూటాని పేల్చే సూదిని నెట్టే స్ప్రింగ్ బిగిసేది అప్పుడే. తర్వాతొచ్చిన 98 మౌజర్‌లో పిడి ఎత్తగానే బిగుస్తుంది. ఇంకో తేడా, దీనికి ముందువైపు రెండు లాకింగ్ లగ్‌లే, అంటే పేలేటప్పుడు బోల్ట్ వెనక్కి రాకుండా పట్టుకునే దిమ్మలు. 98కి వెనక మూడోది కూడా ఉంది, మొదటి రెండూ విరిగితే ఆదుకోవడానికి. అందుకే నేను అందరికీ చెబుతా, పాత స్వీడిష్ తుపాకీలో ఎక్కువ ప్రెషర్ ఇచ్చే తూటాలు ఎప్పుడూ పెట్టొద్దు.