యోబు మొదటి పిల్లల సంగతేమిటి?

వ్యాఖ్యాత: పిల్లల చదువులో బైబిలు స్థానం గురించి ఈ రోజు మాట్లాడుకుంటున్నాం. ముప్పై ఏళ్లుగా సండే స్కూల్లో బోధిస్తున్న టీచర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: వందనాలండి. మా అబ్బాయికి పధ్నాలుగేళ్లు. చిన్నప్పుడు కంఠత వాక్యాలు గడగడా అప్పజెప్పేవాడు. ఇప్పుడు కుటుంబ ప్రార్థనలో బైబిలు తెరిస్తే చాలు, ప్రశ్నలే. మొన్న యోబు గ్రంథం చివరి అధ్యాయం చదువుతున్నాం, ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న యోబుకు దేవుడు మళ్లీ అన్నీ ఇచ్చే చోటు. "దేవుడు మళ్లీ పిల్లల్ని ఇచ్చాడు సరే, చనిపోయిన మొదటి పిల్లల సంగతేమిటి?" అన్నాడు. మా వారికి కోపం వచ్చింది. బైబిల్లోని ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం మొదటి వచనం యాభై సార్లు రాయమన్నారు.

టీచర్: "పిల్లలారా, ప్రభువునందు మీ తలిదండ్రులకు విధేయులైయుండుడి." అదే కదమ్మా?

శ్రోత: అదేనండి.

టీచర్: రాస్తున్నాడా?

శ్రోత: ముప్పై రెండు సార్లు రాశాడు. కానీ మాతో మాట్లాడటం లేదు. వాడి విశ్వాసం సన్నగిల్లుతోందేమోనని భయంగా ఉంది.

టీచర్: నాకు అలా అనిపించడం లేదు. మీ వాడు శ్రద్ధగా చదివాడమ్మా. లెక్క చూడండి. యోబుకు మొదట గొర్రెలు 7,000, చివరికి 14,000. ఒంటెలు 3,000 ఉంటే 6,000 అయ్యాయి. పిల్లలు మాత్రం అప్పుడూ పదిమందే, ఇప్పుడూ పదిమందే. పోయిన గొర్రెకు బదులు ఇంకో గొర్రె వస్తుంది, బిడ్డకు బదులు బిడ్డ రాదు కదా! అది వాడి మనసుకు తగిలింది. ఆ గ్రంథంలో ప్రశ్నలు అడిగింది యోబు. అతణ్ని మందలిస్తూ దేవుని పక్షాన వాదించింది స్నేహితులు. చివరికి దేవుడు కోపించింది ఎవరి మీద? స్నేహితుల మీద. యోబు పలికినట్టు మీరు నన్ను గురించి సరిగ్గా పలకలేదన్నాడు. సండే స్కూల్లో మేము ఈ మాటను చదివేసి ముందుకు వెళ్లిపోతుంటాం. అలా వెళ్లకూడదు.

వ్యాఖ్యాత: అయితే కంఠతా పట్టించడం వద్దంటారా?

టీచర్: అలా అననండి. 119వ కీర్తనలో 176 వచనాలు. హెబ్రీ భాషలో అక్షరాలు 22, అక్షరానికి ఎనిమిదేసి వచనాల చొప్పున వరుసగా కూర్చారు. అలా ఉంటే నోటికి పట్టడం తేలిక. కష్టం వచ్చిన రోజున పుస్తకం చేతిలో ఉండకపోవచ్చు, నోటికి వచ్చిన కీర్తన ఉంటుంది. కానీ శిక్షగా రాయించిన వాక్యం చెయ్యి నొప్పితో కలిసి గుర్తుండిపోతుంది. నాకు బాధ అక్కడే. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ఏమి చేశాడు? వాళ్లు చెప్పింది విన్నాడు, ప్రశ్నలు అడిగాడు.

శ్రోత: మరి వాడికి ఏమని జవాబు చెప్పమంటారు?

టీచర్: ముందుగా, ఆ ప్రశ్న మీ మనసునూ కలచివేసిందని చెప్పండి. తరువాత యోబు గ్రంథం మొదటి నుంచి వాడితో కలిసి చదవండి. 42 అధ్యాయాలు, రోజుకు ఒకటి చాలు. యోబు మాటలు వాడినే చదవమనండి. ఇంకొకటి, ఎఫెసీ పత్రికలో అక్కడి నుంచి మూడు వచనాలు కిందికి చూడండి. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని ఉంటుంది.

శ్రోత: మిగిలిన పద్దెనిమిది సార్లు?

టీచర్: రాయనక్కరలేదమ్మా. కానీ ఆ మాట మీ వారే వాడికి చెప్పాలి.

శ్రోత: ఆయన ఇక్కడే ఉన్నారండి. అంతా వింటున్నారు.

టీచర్: ఫోను ఆయనకివ్వండి.