గుప్పెడు పొట్టే కదా అనిపిస్తుంది: స్క్రోల్ సా కోత, దాని దుమ్ము

నమస్కారమండీ. మాటలకు ముందు ఒకటి చూపిస్తాను. షెడ్డులో లైట్లన్నీ ఆపేశాను. స్క్రోల్ సా మీద, అంటే సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ మెలికల డిజైన్లు కోసే మెషిన్ మీద, 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ ముక్క పెట్టాను. చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలకే ఎండీఎఫ్. ఎడమ పక్క స్టూలు మీద టార్చి ఉంది. దాని వెలుగు బ్లేడుకు కాస్త ముందు నుంచి, అంటే నేను కూర్చుంటే నా గడ్డం ఉండే చోటు నుంచి అడ్డంగా పోతోంది. స్విచ్ వేస్తున్నాను. ఒక్క నిమిషం కోస్తాను. మీరు బ్లేడును కాదు, ఆ వెలుగును చూడండి.

ఆపేశాను. చూశారుగా. పెంకుటింట్లో పెరిగినవాళ్లకు ఇది బాగా తెలిసిన దృశ్యం. మధ్యాహ్నం పెంకుల సందులోంచి ఎండ పడితే ఆ వెలుగులో నలుసులు తేలుతూ ఉండేవి. ఇక్కడ తేలుతున్నది ఎండీఎఫ్ దుమ్ము. మెషిన్ ఆపి నిమిషం దాటింది, ఇంకా తేలుతూనే ఉంది. ఇప్పుడు లైట్లు వేస్తున్నాను. ఏమీ లేదు కదా? గాలి శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తోంది. బ్రిటన్‌లో పని జరిగే చోట గాలిని పరీక్షించేవాళ్లు ఇదే పద్ధతి వాడతారు. డస్ట్ ల్యాంప్ అంటారు.

ఇది ఎందుకు చేశానంటే, పోయిన వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, 16 అంగుళాల స్క్రోల్ సా కొన్నాను. సాయంత్రం దాకా కోసినా గుప్పెడు రంపపు పొట్టే వస్తోంది. దీనికి కూడా డస్ట్ కలెక్షన్, అదే దుమ్ము పీల్చే ఏర్పాటు, అవసరమా? ఆ డబ్బుతో మంచి బ్లేడ్లు కొనుక్కోవచ్చు కదా?" అని. మంచి ప్రశ్న. బ్లేడ్లు కొనుక్కోమనే నేనూ చెబుతాను. కానీ బ్లేడు ఒక ఖర్చు, దుమ్ము ఇంకో ఖర్చు అని విడివిడిగా చూడకండి. కోత బాగుంటే దుమ్ము తగ్గుతుంది. ఎలాగో ఈరోజు వివరంగా చెబుతాను.

ముందు ఆ గుప్పెడు సంగతి. టేబుల్ సా దగ్గర, అంటే బల్లకు బిగించిన పెద్ద గుండ్రటి రంపం దగ్గర, పొట్టు కుప్పలుగా పడుతుంది, కంటికి కనిపిస్తుంది కాబట్టి మనమే జాగ్రత్త పడతాం. స్క్రోల్ సా బ్లేడు పళ్లు చాలా చిన్నవి. పన్ను చిన్నదైతే అది తీసే రజను కూడా సన్నగానే ఉంటుంది. పైగా గీత కనబడాలని మనం అడుగు దూరంలో ముఖం పెట్టి గంటల తరబడి కూర్చుంటాం. దానికి తోడు మెషిన్‌లో ఒక చిన్న ఊదుడు గొట్టం ఉంటుంది. గీత మీద పడిన పొట్టును ఊదేయడానికి పెట్టారు. పనికొచ్చేదే. కానీ అది దుమ్మును ఎక్కడికీ తీసుకెళ్లదు, గాలిలోకి లేపుతుంది అంతే. లావు పొట్టు కింద పడిపోతుంది, సన్నది మన ముక్కు ముందు నిలబడుతుంది.

మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 10 మైక్రాన్ల కంటే సన్నగా ఉన్న నలుసు ముక్కు దాటి లోపలికి పోగలదు, గాలిలో గంటల తరబడి తేలగలదు. బ్రిటన్‌లో గట్టి చెక్క దుమ్ముకు చట్టం పెట్టిన హద్దు, ఎనిమిది గంటల సగటున, ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాములు. లెక్క వేసి చూద్దాం. పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఆ హద్దు చేరడానికి గది మొత్తంలో 85 మిల్లీగ్రాముల దుమ్ము తేలితే చాలు. గ్రాములో పదో వంతు కూడా లేదు. గుప్పెడు అక్కర్లేదు తమ్ముడూ, చిటికెడు కూడా ఎక్కువే.

ఇంగ్లండులో హై వికమ్ అని ఒక ఊరు ఉంది. కుర్చీల తయారీకి పేరున్న ఊరు. 1960లలో అక్కడ ఎస్మే హాడ్‌ఫీల్డ్ అనే ఈఎన్‌టీ సర్జన్, ఆమెతో పనిచేసిన వైద్యులు ఒక సంగతి బయటపెట్టారు. ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే చాలా అరుదైన ఒక క్యాన్సర్ ఆ ప్రాంతంలో ఫర్నిచర్ పనివాళ్లకు మామూలు జనం కంటే చాలా ఎక్కువగా వస్తోందని. ఇలాంటి అధ్యయనాల ఆధారంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లో చెక్క దుమ్మును క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో పెట్టింది. అందరికీ వస్తుందని నేను అనడం లేదు. వాళ్లు ఏళ్ల తరబడి రోజంతా అదే దుమ్ములో పనిచేసినవాళ్లు, మనం ఆదివారం రెండు గంటలు కోసేవాళ్లం. తేడా ఉంది. కానీ రోజూ నేమ్‌ప్లేట్లు చేసి అమ్మేవాళ్లు ఈ వీడియో చూస్తున్నారు. వాళ్లది రెండు గంటల పని కాదు.

నా విషయం చెబుతాను. ఈ పని మొదలుపెట్టిన రెండో ఏడు జిట్రేగి చెక్క దొరికిందని సంబరపడి, అదే రోజ్‌వుడ్ అండీ, పొట్టి చేతుల చొక్కా వేసుకుని నాలుగు రోజులు కోశాను. ముంజేతుల మీద ఎర్రగా దద్దుర్లు వచ్చి పది రోజులు మానలేదు. ఆ జాతి చెక్కలో చర్మానికి పడని పదార్థాలు సహజంగానే ఉంటాయి. టేకులో కూడా కొందరికి పడనివి ఉన్నాయి. సహజమైన చెక్కే కదా, ఏం చేస్తుంది అనుకోవడానికి లేదు. ఇక ఎండీఎఫ్‌లో చెక్క నారతో పాటు ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు కూడా ఉంటుంది.

సరే, కోతకు వద్దాం. బల్ల మీద ఉన్నది 18 మిల్లీమీటర్ల టేకు. "శ్రీనిలయం" అని నేమ్‌ప్లేట్ కోస్తున్నాను. మన లిపి స్క్రోల్ సా కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. ఇంగ్లిషు అక్షరాల్లో చాలావాటికి తిన్నటి గీతలు ఉంటాయి. మనకు అన్నీ మెలికలే. బ్లేడు అడుగడుగునా తిరగాలి. లోపలి ఖాళీలు ఎక్కువ, ప్రతి ఖాళీకి ముందు సన్న డ్రిల్లు బిట్‌తో బెజ్జం వేసి, బ్లేడును అందులోంచి దూర్చి, మళ్లీ బిగించాలి. ఇంకో చిక్కు ఉంది. ప, స, హ లాంటి అక్షరాలకు తలకట్టు విడిగా ఉంటుంది, ఒత్తులు కూడా విడిపోతాయి. అందుకే గీసేటప్పుడే వాటిని అక్షరానికి అంటేలా గీయాలి, లేదా వెనక పలక పెట్టి అతికించాలి. ఇక్కడ "శ్రీ" కింది క్రావడిని నేను పక్క అక్షరానికి కూడా ఆనించాను, చూడండి. అప్పుడు విరగదు.

లోపలి బెజ్జాలు ఉన్న పని చేస్తారు కాబట్టి ఒక మాట. బ్లేడ్లలో చివర అడ్డంగా పిన్ను ఉన్నవి, లేనివి అని రెండు రకాలు. చవక మెషిన్లు కొన్ని పిన్ను బ్లేడ్లే తీసుకుంటాయి. పిన్ను దూరాలంటే బెజ్జం పెద్దది కావాలి, సన్నటి డిజైన్ కుదరదు. కొనేముందు పిన్ను లేని 5 అంగుళాల బ్లేడు పడుతుందా అని అడగండి. మిగతా ఫీచర్లన్నీ దీని తర్వాతే.

బ్లేడు నంబరు పెరిగేకొద్దీ బ్లేడు లావు. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు నేను 1 గానీ 2 గానీ వాడతాను. 12 మిల్లీమీటర్లకు 5. ఈ టేకుకు 7 పెట్టాను. రివర్స్ టూత్ బ్లేడు తీసుకోండి. అందులో కింది పళ్లు కొన్ని పైకి తిరిగి ఉంటాయి. మామూలు బ్లేడు పళ్లన్నీ కిందికి లాగుతాయి కాబట్టి చెక్క అడుగు అంచు పేలికలు పేలికలుగా లేస్తుంది. రివర్స్ పళ్లు ఆ అంచును శుభ్రంగా కోస్తాయి. దుమ్ముతో దీనికేం సంబంధం అంటారా? అడుగు అంచు పేలికలు లేస్తే మీరు ఉప్పుకాగితం తీస్తారు. అరగంట రుద్దుతారు. ఈ పనిలో అన్నిటికంటే సన్నటి దుమ్ము వచ్చేది కోతలో కాదు, ఆ రుద్దుడులో. ఉప్పుకాగితం అవసరం లేని కోత కోస్తే ఆ చెడ్డ దుమ్ము చాలావరకు పుట్టదు. నేను బ్లేడు మీద అంత శ్రద్ధ పెట్టేది ఇందుకే.

టెన్షన్, అంటే బ్లేడు బిగువు చూడండి. బిగించాక వీణ తీగ మీటినట్టు వేలితో మీటండి. ఇదిగో, ఈ శబ్దం. ఖంగుమని సన్నగా పలకాలి. బొంగురుగా పలికితే వదులుగా ఉన్నట్టు. వదులు బ్లేడు వంగుతుంది, కోత గోడ నిటారుగా రాదు, మళ్లీ రుద్దుడే. ఇంకొకటి, చాలా బ్లేడ్లు తయారీలో ఒక పక్క కాస్త గరుకుగా మిగిలిపోతాయి, అందుకని తిన్నగా తోస్తే గీత వదిలి పక్కకు లాగుతాయి. బ్లేడు పాడైందని పారేయకండి. చెక్కను కొద్దిగా ఏటవాలుగా తిప్పి తోయండి, రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. మూల తిరిగేటప్పుడు పళ్ల మీదికి తోయకండి. చెక్కను కాస్త వెనక్కి లాగి, బ్లేడు వీపుకు ఆనించి, అక్కడికక్కడే తిప్పండి. వీపుకు పళ్లు లేవు కాబట్టి కోయదు, మూల పదునుగా వస్తుంది.

చెక్క నల్లగా కాలుతోందంటే బ్లేడు మొద్దుబారింది, లేదా వేగం ఎక్కువైంది. డిజైన్ కాగితం మీద ప్యాకింగ్ టేపు అతికించి కోస్తే కాలడం బాగా తగ్గుతుంది. టేకులో సిలికా ఉంటుంది, పదును త్వరగా పోతుంది. ఇంత మందం టేకులో నా బ్లేడు అరగంట దాటదు. ఇంకో పది నిమిషాలు లాగుదాం అనుకోవద్దు. మొద్దు బ్లేడు కోయదు, చెక్కను అరగదీస్తుంది. ఆ అరుగుడంతా సన్నటి దుమ్మే.

ఇప్పుడు పుట్టిన దుమ్మును పట్టుకోవడం. పెద్ద డస్ట్ కలెక్టర్ ఈ మెషిన్‌కు అక్కర్లేదు. దానికి 4 అంగుళాల గొట్టం కావాలి, చాలా గాలిని మెల్లగా లాగుతుంది. మనకున్నది చిన్న రంధ్రం. సన్న గొట్టంలోంచి గట్టిగా పీల్చే వ్యాక్యూమ్ కావాలి. నేను గొట్టాన్ని రెండు పాయలు చేశాను. ఒకటి బల్ల కింద, బ్లేడు దిగే చోట. పళ్లు కిందికి లాగుతాయి కాబట్టి ఎక్కువ పొట్టు అక్కడే పడుతుంది. రెండోది బల్ల పైన, బ్లేడు వెనక, వంగే గొట్టానికి చిన్న మూతి పెట్టి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పీవీసీ రెడ్యూసర్లు, అంటే లావు గొట్టాన్ని సన్న గొట్టానికి కలిపే ముక్కలు, కొని కలుపుకున్నాను, కష్టమేమీ లేదు. ఊదుడు గొట్టం ముందు నుంచి వెనక్కి, ఆ మూతి వైపు ఊదేలా తిప్పాను. ఊదినదంతా నేరుగా అందులోకి పోతుంది.

వ్యాక్యూమ్‌కు ముందు సైక్లోన్ బకెట్ ఉంది. మన పొలాల్లో తూర్పారబట్టడం గుర్తుంది కదా, గింజ కింద పడుతుంది, పొల్లు గాలికి పోతుంది. ఇదీ అంతే. గాలి సుడి తిరిగేసరికి బరువైన పొట్టు గోడకు తగిలి బకెట్లోకి జారిపోతుంది, ఫిల్టర్ త్వరగా పూడిపోదు. అయితే పొల్లులాగా అన్నిటికంటే తేలికైన దుమ్ము గాలితో పాటే ముందుకు పోతుంది. మనకు ప్రమాదమైంది అదే. కాబట్టి సైక్లోన్ పెట్టాను కదా అని ఫిల్టర్ మీద పొదుపు చేయవద్దు. హెపా ఫిల్టర్, అంటే చాలా సన్నటి దుమ్మును కూడా ఆపే ఫిల్టర్, ఉండాలి. మామూలు ఫిల్టర్ అయితే ముందు పీల్చిన సన్న దుమ్మును వెనక నుంచి గదిలోకే వదులుతుంది.

ఇక్కడ మనకొక సౌకర్యం ఉంది. చలిదేశాల్లో గదిలో వెచ్చటి గాలి బయటికి పోకూడదని ఆ గాలినే మళ్లీ మళ్లీ వడకట్టుకుంటారు. మనకు ఆ బాధ లేదు. కిటికీ తీసి, మెషిన్ వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే గాలి నా వీపు వైపు నుంచి వచ్చి బ్లేడు మీదుగా బయటికి పోతుంది. ఫ్లాట్ బాల్కనీలో చేసేవాళ్లు మాత్రం పక్కింటి కిటికీ ఎటుందో చూసుకోండి. ఒక్కటి మర్చిపోవద్దు, సీలింగ్ ఫ్యాన్ వేయకండి. ఉక్కపోస్తుంది, నాకూ తెలుసు. కానీ కింద కూర్చున్న దుమ్మునంతా అది మళ్లీ పైకి లేపుతుంది.

మాస్కు చివర్లో చెబుతున్నానని తక్కువ అనుకోవద్దు. ఎన్95 గానీ, బీఐఎస్ గుర్తున్న ఎఫ్ఎఫ్‌పీ2 గానీ పెట్టుకోండి. గడ్డం ఉంటే అంచు సరిగ్గా అతుక్కోదు, సందులోంచి దుమ్ము పోతుంది. తువ్వాలు కట్టుకుంటే లావు పొట్టు ఆగుతుంది, సన్నది ఆగదు.

తువ్వాలు అంటే గుర్తొచ్చింది. మీ ఇంట్లో కిచెన్ పనో, కబోర్డుల పనో జరిగితే ఒకసారి ఆ గదిలోకి తొంగిచూడండి. తలుపులు మూసి, ఎండీఎఫ్‌ను గుండ్రటి కరెంటు రంపంతో కోస్తూ, మూతికి తువ్వాలు కట్టుకుని కుర్రాళ్లు పనిచేస్తుంటారు. పక్కింటికి శబ్దం పోకూడదని తలుపులు మూయించింది మనమే. వాళ్లకు ఒక డబ్బా మాస్కులు కొనివ్వండి, కోత బాల్కనీలో పెట్టుకోమనండి. పనివాళ్లకు టీ ఇచ్చినట్టే ఇదీ ఇవ్వాలి.

సరే, లైట్లు మళ్లీ ఆపుతున్నాను. టార్చి అదే చోట ఉంది, కదపలేదు. అదే ఎండీఎఫ్ ముక్క. వ్యాక్యూమ్ ఆన్, ఎగ్జాస్ట్ ఆన్, ఇప్పుడు మెషిన్. ఒక నిమిషం.

వెలుగు దాదాపు ఖాళీగా ఉంది. ఇదిగో, బల్ల ముందు అంచు దగ్గర, కుడి పక్కన మాత్రం కొంచెం తేలుతోంది. పై మూతి రెండు వేళ్లు ముందుకు జరపాలి. జరిపి ఇంకోసారి కోస్తాను, ఉండండి.