ఆర్15కి లావు టైరు వేద్దామా? – స్పోర్ట్స్ బైకు టైర్ల మీద ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం అండి. వైజాగ్‌లో నిన్నటి నుంచి ఒకటే ముసురు, రోడ్లన్నీ తడిసి ఉన్నాయి, అందుకే ఇవాళ స్పోర్ట్స్ బైకులకి టైర్లు మార్చేటప్పుడు ఏం చూసుకోవాలో మాట్లాడుకుందాం. ఈ పనిలోనే చాలా ఏళ్ళుగా ఉన్న మేస్త్రీ గారు వచ్చారు మన స్టూడియోకి. నమస్కారం మేస్త్రీ గారు.

మేస్త్రీ: నమస్కారం అమ్మా. అందరికీ నమస్కారం.

యాంకర్: మొదటి కాలర్ విజయనగరం నుంచి లైన్లో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్: హలో మేడం, హలో అన్నా. నాది యమహా ఆర్15 వీ3 బైకు అన్నా, 2019 మోడల్, వెనక టైరు అయిపోయింది, మధ్యలో గీతలే లేవు. మా ఫ్రెండ్స్ ఏటంటున్నారంటే ఎలాగూ మారుస్తున్నావు కదా 150 వేసెయ్, వెనక నుంచి చూస్తే పెద్ద బండిలా ఉంటది, గ్రిప్పు కూడా పెరుగుద్ది అని. వెయ్యొచ్చా అన్నా?

మేస్త్రీ: తమ్ముడూ, ఇప్పుడు దానికి వెనక ఏ సైజుందో తెలుసా నీకు?

కాలర్: 140 అన్నా.

మేస్త్రీ: 140 ఒక్కటే కాదు నాన్నా, టైరు పక్కన పూర్తిగా చదువు, 140/70ఆర్17 అని ఉంటది. 140 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, ఆ 70 ఏమో వెడల్పులో 70 శాతం ఎత్తు అని, ఆర్ అంటే రేడియల్, లోపల దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి అడ్డంగా ఉండే రకం, 17 ఏమో రిమ్ము కొలత అంగుళాల్లో. నువ్వు అంటున్న 150 మార్కెట్లో ఎక్కువగా దొరికేది 150/60, అది కేటీఎం 390 బైకుకి వచ్చే సైజు. ఇప్పుడు లెక్క చూడు, 140లో 70 శాతం అంటే 98 మిల్లీమీటర్లు, 150లో 60 శాతం అంటే 90. అంటే టైరు లావెక్కింది కానీ ఎత్తు తగ్గింది, బండి వెనక 8 మిల్లీమీటర్లు కిందకి దిగిపోద్ది, అప్పుడు ముందు భాగం లేచినట్టయ్యి మలుపులో బండి వంగడానికి మొరాయిస్తది, నువ్వు ఆర్15 కొన్నదే ఆ వంగే గుణం కోసం కదా.

కాలర్: అది ఎవరూ చెప్పలేదన్నా.

మేస్త్రీ: ఎవరూ చెప్పరమ్మా, వెనక నుంచి చూసి బాగుందంటారు అంతే. ఇంకోటి కూడా ఉంది, రిమ్ము వెడల్పు మారదు కదా, అదే రిమ్ములో లావు టైరు ఇరికిస్తే రెండు అంచులూ లోపలికి నొక్కుకుని టైరు పైన గుండ్రంగా ఉబ్బుద్ది, రోడ్డుకి ఎంత ఆనాలో అంత ఆనదు, గ్రిప్పు పెరుగుద్ది అనుకుని వేస్తే ఒక్కోసారి తగ్గుద్ది కూడా. బరువు ఎక్కువ, పికప్ మందగిస్తది, మైలేజ్ పోద్ది. 140/70 వెయ్యి, రేడియల్ తీసేసి మామూలుది వెయ్యకు, రేడియల్‌కి రేడియలే. సైజు తర్వాత 66ఎస్ అని ఉంటది చూడు, 66 అంటే 300 కిలోల బరువు మోస్తది, ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల దాకా తట్టుకుంటది. దానికి తక్కువది ఇస్తే మాత్రం తీసుకోకు.

కాలర్: ముందు టైరు కూడా మార్చాలా అన్నా? అది బానే ఉంది చూడ్డానికి.

మేస్త్రీ: చూడ్డానికి కాదు, గోరు పెట్టి చూడు. గాడి లోపల చిన్న దిమ్మె ఒకటి ఉంటది, పక్కన టీడబ్ల్యూఐ అనో చిన్న త్రికోణమో గుర్తు ఉంటది, దాని నుంచి లైను గీసుకుంటూ పోతే ఆ దిమ్మె దొరుకుద్ది. రబ్బరు ఆ దిమ్మెతో సమానం అయిందంటే టైరు అయిపోయినట్టే. ఇంకా మందం ఉండి, పక్కల్లో సన్న పగుళ్ళు లేకపోతే ముందుది ఉంచుకో, రెండూ ఒకేసారి మార్చాలని రూలేం లేదు. పగుళ్ళుంటే మాత్రం ఎంత గాడి ఉన్నా తీసెయ్ తమ్ముడూ, వెనక జారితే కొంతవరకు ఆపుకోవచ్చు, ముందు టైరు జారిందంటే నీ చేతుల్లో ఏమీ ఉండదు.

కాలర్: సరే అన్నా, 140 ఏ వేస్తాను. థాంక్స్ అన్నా.

యాంకర్: ఇంకో కాల్ ఉంది, మధురవాడ నుంచి. నమస్కారం అండి.

కాలర్: నమస్కారం అమ్మా. నాకు బళ్ళ సంగతి ఏమీ తెలీదు బాబూ, మా అబ్బాయి ఇంజినీరింగ్, తగరపువలస అవతల కాలేజీ, రోజూ హైవే మీదే వెళ్ళొస్తాడు. వాడు కూడా ఇదే చెప్పాడు, ఆర్15, టైర్లు మార్చాలి 14 వేలు ఇయ్యమంటున్నాడు. వాళ్ళ నాన్నగారేమో ఉన్న టైరే ఇంకో ఆర్నెల్లు నడుస్తది, పైన రబ్బరు అతికించేవాళ్ళు ఉంటారు కదా లారీలకి అలా చేయించు అంటున్నారు. నాకు భయంగా ఉంది బాబూ, అందుకే ఫోన్ చేశాను.

మేస్త్రీ: అమ్మా, మీరు ఫోన్ చేసి మంచి పని చేశారు. లారీకి పది చక్రాలుంటాయి, బైకుకి రెండే, అందులోనూ నేలకి ఆనే చోటు ఒక్కోటి మన అరచెయ్యంత కూడా ఉండదు, మీ అబ్బాయి ప్రాణం ఆ రెండు అరచేతుల మీద వెళ్తున్నట్టు లెక్క. బైకు టైరుకి ఆ రబ్బరు అతికించే రీట్రెడింగ్ వద్దే వద్దు, మీ ఆయన గారికి నేను చెప్పానని చెప్పండి. కానీ అమ్మా 14 వేలు కూడా అక్కర్లేదు. ఆ బండికి కంపెనీ ఇచ్చిందే మన దేశంలో తయారైన ఎమ్మారెఫ్ టైర్లు, కాలేజీకి వెళ్ళొచ్చే పిల్లాడికి అదే సైజులో అలాంటి మంచి దేశవాళీ టైరు సరిపోద్ది. మీ వాడు రేసుల మెత్త టైరు మీద కన్నేసి ఉంటాడు, అది హైవే మీద రోజూ తిప్పితే ఏడాదిలోపే మధ్యలో అరిగి చదునైపోద్ది, మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు డబ్బులకి.

కాలర్: అంటే వాడు అబద్ధం చెప్తున్నాడా బాబూ?

మేస్త్రీ: అబద్ధం కాదమ్మా, వాడి వయసుకి అది కావాలనిపిస్తది, నాకూ అనిపించేది. టైర్లు మాత్రం అడిగాడు కదా, ఆలస్యం చెయ్యకండి, ఈ వానల్లోనే కావాలి అవి. మీరు కూడా షాపుకి వెళ్ళండి వాడితో. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో గీత మధ్య నాలుగు అంకెలుంటాయి, ఉదాహరణకి 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. ఆ నాలుగూ చూసి బిల్లు కట్టండి, నేనైతే రెండేళ్ళు దాటిన టైరు కొనను. బిగించాక గాలి ఎంత పెట్టాలో బండి మీద స్టిక్కర్ ఉంటది, అంతే పెట్టించండి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు.

కాలర్: నాలుగు అంకెలు. రాసుకున్నాను బాబూ.

మేస్త్రీ: ఇంకొక్క మాటమ్మా, బిగించాక కుర్రాళ్ళు నల్లగా మెరవాలని పాలిష్ కొడతారు, పక్కలకి కొట్టినా పర్లేదు కానీ నేలకి ఆనే చోట చుక్క పడకూడదు, వద్దని ముందే చెప్పండి. కొత్త టైరు మీద అసలే అచ్చులోంచి వచ్చిన నునుపు ఉంటది, మొదటి 100, 150 కిలోమీటర్లు మెల్లగా వెళ్ళమనండి, గట్టిగా వంచొద్దు, గట్టిగా బ్రేకు కొట్టొద్దు.

యాంకర్: అనకాపల్లి నుంచి ఇంకో కాలర్. హలో?

కాలర్: అన్నా నమస్తే. నాది కేటీఎం ఆర్‌సీ 390, సెకండ్ హ్యాండ్ తీసుకున్నాను. పోయిన నెల వెనక టైరు మార్చాను, ఫారిన్ కంపెనీది, రేసు ట్రాక్ టైపు మెత్త కాంపౌండ్, అదే మెత్త రబ్బరు, 150/60. ఆదివారం మేం నలుగురం అరకు వెళ్తున్నాం ఘాట్ మీదుగా, ముందు టైరుకి కూడా అదే వేద్దామా లేకపోతే వేరేది వెయ్యొచ్చా అని అడుగుదామని.

మేస్త్రీ: వానలో అరకు ఘాట్‌కి ట్రాక్ టైరా తమ్ముడూ?

కాలర్: గ్రిప్పు ఎక్కువ కదా అన్నా మెత్తదానికి.

మేస్త్రీ: వేడెక్కితే ఎక్కువ. ఆ రబ్బరు అంటుకోవాలంటే వేడి కావాలి, ట్రాక్ మీద బ్రేకులు కొట్టి తిప్పి తిప్పి వేడెక్కిస్తారు, కొందరు కరెంటు దుప్పట్లు చుట్టి ముందే కాగబెడతారు కూడా. ఘాట్ మీద టైడా ఊరు దాటాక పొద్దున్న పొగమంచులో, సన్నగా వాన పడుతుంటే ఎక్కడ వేడెక్కుద్ది అది? నేను ఒకసారి అలాగే వెళ్ళాను, అనంతగిరి దాకా రాకముందే ఒక మలుపులో కొండ మీంచి ఎర్రమట్టి నీళ్ళు రోడ్డుకి అడ్డంగా పారుతున్నాయి, పెద్ద స్పీడు కూడా కాదు 30 ఉంటదేమో, వెనక టైరు సబ్బు మీద కాలేసినట్టు పోయింది. మోకాలు ఇప్పటికీ వానాకాలం వస్తే లాగుద్ది. ఆ టైరుకి గాడులు తక్కువ, నీళ్ళు పక్కకి తొయ్యాలంటే గాడులుండాలి కదా, మన ఘాట్లకి స్పోర్ట్ టూరింగ్ అంటారు చూడు ఆ రకం కావాలి, మధ్యలో గట్టి రబ్బరు పక్కల్లో మెత్తది, గాడులు బాగా ఉంటాయి. టీవీఎస్ వాళ్ళు అపాచీ ఆర్ఆర్ 310 బైకుకి 2020 నుంచి మిషెలిన్ రోడ్ 5 ఇస్తున్నారు, అదీ 150/60 సైజే, ఆ తరహావి. కొంచెం తక్కువలో అంటే మనవాళ్ళవే అపోలో ఆల్ఫా హెచ్1 ఉంది, ఎమ్మారెఫ్ స్టీల్ బ్రేస్ ఉంది. ముందూ వెనకా ఒకే మోడల్ వేస్తే బండి వంగడం ఒకే రకంగా ఉంటది.

కాలర్: మరి కొత్త టైరు కదన్నా, నెల కూడా అవలేదు, పడేస్తామా?

మేస్త్రీ: ఎంతకిచ్చారు నీకు?

కాలర్: మామూలు రేటు కంటే 3 వేలు తగ్గించారన్నా, లాస్ట్ పీసు అని.

మేస్త్రీ: బండి దగ్గరే ఉన్నావా ఇప్పుడు?

కాలర్: ఆ, ఇంటి కింద ఉంది.

మేస్త్రీ: ఫోన్ పెట్టెయ్యకుండా కిందకి వెళ్ళు, టార్చి వేసి ఆ నాలుగు అంకెలు చదువు. ఒక పక్కే ఉంటాయి ఒక్కోసారి, చెయిన్ వైపు లేకపోతే సైలెన్సర్ వైపు చూడు.

యాంకర్: వెళ్తున్నారా? శ్రోతలు కూడా బండి దగ్గరుంటే చూసుకోండి. మేస్త్రీ గారు, ఇందుకేమైనా కారణం ఉందా, రేటు ఎందుకడిగారు?

మేస్త్రీ: ఉందమ్మా. 2020 జూన్‌లో మన ప్రభుత్వం బయటి దేశాల టైర్ల దిగుమతికి లైసెన్సు పెట్టింది, ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి. అప్పట్నుంచి సరుకు తక్కువొస్తోంది, కొన్ని చోట్ల అంతకుముందు తెచ్చిన స్టాకు గోడౌన్లలో పడుంది. వాడకపోయినా రబ్బరుకి వయసొస్తది కదా, ఎండా వేడీ తగిలి గట్టిపడుద్ది, పైకి మాత్రం కొత్తగా నిగనిగలాడుతూ వెంట్రుకల్లాంటి రబ్బరు ముళ్ళతో సహా అలాగే ఉంటది. కొనేవాడు ఆ ముళ్ళు చూసి కొత్తది అనుకుంటాడు.

కాలర్: అన్నా... దొరికింది. 3, 1, 1, 9.

మేస్త్రీ: మళ్ళీ చదువు.

కాలర్: 3119 అన్నా.

మేస్త్రీ: 2019, 31వ వారం. జూలై ఆఖరు, ఆగస్టు మొదలు.

కాలర్: ...పోయిన నెల కొన్నానన్నా. కొత్తదని ఇచ్చారు.

మేస్త్రీ: బిల్లుందా?

కాలర్: ఉంది.

మేస్త్రీ: తేదీ కనపడేలా ఆ అంకెల ఫోటో తియ్యి, బిల్లు పట్టుకుని ఇవాళే వెళ్ళు, గొడవ పడకుండా అడుగు, మార్చకపోతే 1915కి ఫోన్ చెయ్యి, వినియోగదారుల హెల్ప్‌లైను అది. మారిస్తే కొత్త వాల్వు వేయించు, బ్యాలెన్సింగ్ చేయించు, టైరు మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో నువ్వే నిలబడి చూడు. సరే, ఆదివారం సంగతి చెప్పు.

కాలర్: ముగ్గురు వస్తున్నారన్నా, రూములు బుక్ చేసేశాం.

మేస్త్రీ: రూములు ఉండనీ. ఇవాళ మార్చినా ఆదివారానికి 100 కిలోమీటర్లు తిరగదు అది. కిరండూల్ రైలుంది కదా వైజాగ్ నుంచి, ఎక్కి వెళ్ళు, అక్కడ మీ వాళ్ళు కలుస్తారు.

కాలర్: ...సరే అన్నా. వాళ్ళకి కూడా చెప్తాను, వాళ్ళవి కూడా చూసుకోమంటాను.

మేస్త్రీ: ఇప్పుడే చెప్పు నాన్నా.