రంగు చెమట: లోపల పుట్టిందా, బయట పట్టిందా?

[దృశ్యం: కర్నూలు, మే నెల మిట్టమధ్యాహ్నం. మిద్దె మీద దండెం, దానికి తెల్ల బనియన్. చంక దగ్గర నీలం మరక. కెమెరా బాగా దగ్గరికి.]

ఇది మా చిన్నాయన బనియన్. రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దినా మరక పోలేదు. "పెన్ను ఇంకు కారిందేమోలే" అన్నాడు. జేబులో ఇంకు చంకలోకి ఎట్లా పోతుంది చిన్నాయనా?

చెమటే నీలంగా, పచ్చగా, ఒక్కోసారి నల్లగా వచ్చే జబ్బు నిజంగానే ఉంది. పేరు క్రోమ్‌హైడ్రోసిస్. చాలా అరుదు. కొత్తదేం కాదు, 1709లోనే యంగ్ అనే వైద్యుడు దీని గురించి రాశాడు.

[బొమ్మ: చర్మం లోపల రెండు రకాల గ్రంథులు.]

ఎండకు ఒళ్లంతా కారే నీళ్ల చెమట ఎక్రైన్ గ్రంథులది. అపోక్రైన్ గ్రంథులు వేరే. చంకల్లో, చనుమొనల చుట్టూ ఉంటాయి, కొందరికి బుగ్గల మీద కూడా. ఈడొచ్చాకే పని మొదలుపెడతాయి. వాటిలో లైపోఫ్యూసిన్ అనే రంగు పదార్థం పేరుకుంటే చెమటకు రంగొస్తుంది. అది ఎంత ఆక్సీకరణ చెందితే రంగంత ముదురుతుంది. భయం, కంగారు కూడా ఈ గ్రంథుల్ని కదిలిస్తాయి. పరీక్ష హాల్లో బుగ్గ మీద నల్లచుక్క తేలిందనుకోండి, ఆ పిల్ల పాట్లు ఎవరికి చెప్పుకోవాల!

మెలిక ఇక్కడుంది. చెమట నీళ్లలాగే వచ్చి, బయట రంగు పట్టడం కూడా ఉంది. ధర్మవరంలో పట్టుకు రంగులద్దే వాళ్ల చేతులు చూశారా? అట్లాగే బట్టల రంగు అంటుకోవచ్చు. చర్మం మీది బ్యాక్టీరియా కూడా రంగు పుట్టిస్తుంది, సెరేషియా అనేదైతే ఎర్రగా. ఇక లోపలి నుంచే రంగు తెచ్చే మందులూ ఉన్నాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్‌తో చెమట, కన్నీళ్లు, మూత్రం నారింజ రంగుకు తిరుగుతాయి. దానికి జడిసి మాత్రలు ఆపేయొద్దు.

[దృశ్యం: చీకటి గది. చర్మం మీద వుడ్స్ దీపం వెలుగు.]

ఇది అతినీలలోహిత కాంతినిచ్చే దీపం, చర్మ వైద్యులు దీన్ని వేసి చూస్తారు. లైపోఫ్యూసిన్ ఉంటే పసుపుగా మెరవొచ్చు. వైద్యంలో బొటులినం (బొటాక్స్) ఇంజెక్షన్ ఒకటి. ఇంకోటి కాప్సైసిన్ పూత, అంటే మన మిరపకాయ ఘాటే! గ్రంథిని రెచ్చగొట్టే నరాల సంకేతాన్ని తగ్గిస్తుంది. పూత ఆపితే రంగు మళ్లీ రావచ్చు. అట్లని వంటింట్లో కారం తీసి పూసుకునేరు, చంక మండి చస్తారు.

[దృశ్యం: మళ్లీ మిద్దె. దండెం పక్కన బకెట్.]

చిన్నాయన చేత రుద్ది స్నానం చేయించి, రెండురోజులు వట్టి తెల్ల బనియన్‌తోనే ఉంచినాం. మరక రాలేదు. పెండ్లికని కుట్టించుకున్న నీలం చొక్కా ఇదిగో, ఉప్పునీళ్లలో నానుతోంది.